చుక్క తర్వాత

బేగంబజార్‌లో మిర్చి ఘాటు దిగని సందు,
మేడ మీద గది. ఫ్యాన్ కింద
ఒళ్లు విప్పుకుని ఏడు కాంటాలు, ఒక ల్యాప్‌టాప్.
సబీహా ఒక్కో అక్షరమే నొక్కుతోంది.
పేరు నిన్ననే కుదిరింది: సరితూకం.
కాంటాలు బాగుచేసేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ అది దీర్ఘం లేని లిపి.
తూ-కి రెండు సున్నాలా, ఒక గిన్నెనా?
సున్నాలు పెడితే కొట్టు ఖాళీ అన్నట్టుందని ఆమె,
గిన్నె పెడితే తుకం అని నోట్లోనే తుంచేస్తారని నేను.
చెరో చాయ్ అయ్యాక సున్నాలే గెలిచాయి.

పనైపోయిందనుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నా.
"మరి ఆఖర్లో ఏం పెడదాం?" అంది.

డుమువులు ప్రథమా విభక్తి.
అయ్యవారి బెత్తం ఇన్నేళ్లకు మళ్లీ చురుక్కుమంది.
ప్రత్యయం లేని పేరు వాక్యంలోకి రాలేదు,
గడప బయటే చెప్పులు చూసుకుంటూ నిలబడుతుంది.
ఇక్కడా అంతే కాబోలు.
కాకపోతే వీళ్ల దగ్గర వందల ప్రత్యయాలు,
ప్రతిదాని మెడలో ఒక ధర.

డాట్ కామ్ ఎవరో ఎప్పుడో పట్టేశారు.
లోపల కొట్టు లేదు, సరుకు లేదు, మనిషి లేడు.
ఆదిభట్ల దాటాక కనబడే ప్లాటులా
నాలుగు హద్దురాళ్లు, ఒక తుమ్మచెట్టు,
'అమ్మబడును' అని రేకు.
రెండు లక్షల పదివేలట.
ఏడు కాంటాలతో పాటు మమ్మల్నీ కలిపి తూచినా
అంత తూగం.

చివర మ్ తీసేసి డాట్ కో అంటే చవకే.
కానీ మలక్‌పేట అంటే మల్కాజిగిరిలో దింపే ఆటోలా
మా గిరాకీ అంతా పోయి
ఆ తుమ్మచెట్టు కిందే దిగుతుంది.

డాట్ షాప్, మొదటి ఏడు తొంభైతొమ్మిది.
కింద చీమతలకాయంత అక్షరాల్లో
రెండో ఏడు మూడువేల రెండొందలు.
తక్కెడ పళ్లెం అడుగున చింతపండు అంటించేవాళ్లని
నలభై ఏళ్లుగా చూస్తున్నా. పక్కకు జరిపించా.

ఇంకోటుంది, ఎక్స్ వై జెడ్.
మన ళ, క్ష, ఱ లాగా
బడిగంట కొట్టే వేళకి మిగిలిన అక్షరాలు.
దానికి ఇద్దరం నవ్వుకున్నాం, అంతే.

మాకు ఇంటిపేరు ముందు.
ఔసుల అన్నాకే మాణిక్యం.
ఔసుల అనగానే కులం, కొలిమి, ఊరు
అన్నీ నాకంటే ముందే వెళ్లి పీటలేసుకుని కూర్చుంటాయి.
ఇక్కడ మనిషి ముందు, ఇల్లు చుక్క తర్వాత.
సబీహాకి అసలు ఇంటిపేరే లేదు.
ఆ గడి ఖాళీగా వదిలిందని
ఏదో ఆఫీసులో మూడుసార్లు ఫారం తిప్పి పంపారట.
"ఇవాళ కొనుక్కుంటున్నా చూడు" అంది,
తల ఎత్తకుండా.

అంతలో బీరకాయల బండి కాశవ్వ,
కాంటాని చంకనేసుకుని, మెట్లెక్కి, ఆయాసపడి:
"గా సుక్కెనక ఏమున్నదో తర్వాత జూస్కోండ్రి.
ఇది కిలోకి యాభై గ్రాములు తక్కువ సూపుతాంది.
పొద్దుగాల్నుంచి నేనే మునుగుతున్న."

దాని అడుగు విప్పుతూనే అన్నా, డాట్ ఇన్ పెట్టెయ్.
గొప్ప కారణమేం లేదు.
ఏటా ఒకటే ధర,
కోఠి బస్టాండ్ గేటు మీద చిన్నప్పుడు చదివిన మాట.

బోర్డు రాయడానికి గఫార్ భాయ్ వచ్చాడు.
అక్షరానికి ఎనభై, పన్నెండు అక్షరాలు,
తొమ్మిదొందల అరవై.
"మరి చుక్కకి?"
"దానికి పైసలెందుకు సేఠ్."

అక్షరాలన్నీ గంటలో అయిపోయాయి.
చుక్క దగ్గర మాత్రం నిచ్చెన దిగాడు.
ఎదురుగా ధనియాల బస్తాల దాకా నడిచి
ఒక కన్ను మూసి చూశాడు,
హమాలీలు తిడుతున్నా కదల్లేదు.
మళ్లీ ఎక్కి, గుడ్డతో తుడిచేసి,
వెంట్రుకవాసి కుడికి పెట్టాడు.